ఒంటి బాధను డాక్టరుకు ఏ మాటల్లో చెప్పాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

డాక్టరు ముందు కూర్చున్నప్పుడు "నొప్పిగా ఉందండీ" అన్న ఒక్క మాటతో సరిపెట్టి, చీటీ పట్టుకుని మందుల షాపు మెట్లెక్కేటప్పుడు అసలు చెప్పవలసినది గుర్తు తెచ్చుకునేవారు మనలో ఎందరో ఉన్నారు. వారు, వారిని వెంటబెట్టుకుని వెళ్ళే పిల్లలు, దూరదేశాల నుంచి ఫోనులో తల్లిదండ్రుల బాధను అర్థం చేసుకోజూసేవారు అవే సందేహాలను మళ్ళీ మళ్ళీ అడుగుతున్నందున వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాము. ఏ జవాబుకు ఆ జవాబును విడిగా చదువుకోవచ్చు. బాధను సరిగా చెప్పడం వరకే ఈ పేజీ పని. జబ్బేమిటో తేల్చవలసినది పరీక్షించిన డాక్టరే.

## ఇంట్లో ఉండగా, బయలుదేరే ముందు

"నొప్పి" అంటే డాక్టరుకు అర్థం కాదా? ఇన్ని రకాల మాటలు ఎందుకు?

నొప్పి అన్న మాట అర్థమవుతుంది గానీ, దాన్ని బట్టి జబ్బు ఏ వైపు ఉందో పోల్చుకోవడం కష్టం. నరం నొక్కుకుపోయినప్పుడు మంట, తిమ్మిరి, కరెంటు కొట్టినట్లు జివ్వుమనడం కనిపిస్తాయి. కండరం బిగిసినప్పుడు పట్టేసినట్లు ఉంటుంది. పేగు, మూత్రనాళం వంటి గొట్టాలు ముడుచుకుంటున్నప్పుడు మెలిపెట్టే నొప్పి తెరలు తెరలుగా వచ్చిపోతుంది. చీము పట్టిన చోట నాడి కొట్టుకున్నట్లు సలుపుతుంది. అంటే మీరు వాడే క్రియాపదమే డాక్టరుకు దొరికే మొదటి ఆధారం. రోనాల్డ్ మెల్జాక్ అనే కెనడా శాస్త్రవేత్త 1975లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పేరుతో ఒక ప్రశ్నావళిని ప్రకటించి, నొప్పిని వర్ణించే 78 ఇంగ్లీషు మాటలను అందులో 20 గుంపులుగా అమర్చాడు. తెలుగులో ఆ పనికి కొత్త పదాలేవీ కల్పించనక్కరలేదు. పీకడం, లాగడం, పొడవడం, సలపడం, గుచ్చడం, మండటం వంటివి ఇంటింటా వాడుకలో ఉన్నవే. ఆసుపత్రి గుమ్మం దాటగానే వాటిని వదిలేసి "పెయిన్" అనడంతోనే చిక్కు వస్తోంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు ఏమేమి గమనించుకోవాలి?

నొప్పి ఎక్కడ మొదలైంది, అక్కడే ఉందా లేక వేరే చోటికి పాకుతోందా, ఎన్నాళ్ళ నుంచి ఉంది, ఎడతెరిపి లేకుండా ఉందా లేక వచ్చిపోతోందా, ఏం చేస్తే పెరుగుతోంది, ఏం చేస్తే నెమ్మదిస్తోంది, దానితో పాటు జ్వరం, వాంతి, వాపు వంటివి ఉన్నాయా అన్నవి చూసుకుంటే చాలు. "కడుపు నొప్పి" అని ఊరుకునే బదులు, "నాలుగు రోజులుగా, నూనె వస్తువులు తిన్న తరువాత, కుడివైపు పక్కటెముకల కింద మెలిపెట్టినట్లు నొప్పి వచ్చి వీపు వైపు కుడి రెక్కలోకి పాకుతోంది, రెండుసార్లు వాంతి కూడా అయింది" అని చెప్పగలిగితే, పిత్తాశయంలో రాళ్ళున్నాయేమో చూడాలని డాక్టరుకు అప్పుడే తోస్తుంది. ఈ వాక్యంలో వైద్యం చదివినవారి మాట ఒక్కటి కూడా లేదు.

"చేయి నొప్పి", "కాలు నొప్పి" అంటే చాలదా? ఇంకా ఎక్కడని చెప్పాలి?

తెలుగులో చేయి అంటే భుజం నుంచి వేళ్ళ దాకా, కాలు అంటే తుంటి నుంచి వేళ్ళ దాకా మొత్తం వచ్చేస్తుంది కాబట్టి ఆ మాట ఒక్కటే చాలదు. జబ్బ, మోచేయి, మణికట్టు, అరచేయి అని గాని, తుంటి, గజ్జ, తొడ, పిక్క, చీలమండ, మడమ, అరికాలు అని గాని విడదీసి చెప్పాలి. తలలో మాడు, నొసలు, కణత, పెడతల వేరు వేరు చోట్లు. కడుపు విషయంలో బొడ్డుకు పైనా, కిందా, పొత్తికడుపా, పక్కటెముకల కిందా అన్నది తప్పనిసరి.

మరీ ఎక్కువ పొరపాటు జరిగేది గుండె దగ్గర. ఛాతీని మొత్తంగా "గుండెలు" అనడం మనకు అలవాటు కనుక, "గుండెల్లో నొప్పి" అన్నప్పుడు అది రొమ్ము ఎముక వెనుకనా, ఎడమ పక్కనా, కడుపు పైభాగంలోనా అన్నది చేత్తో చూపించడం మేలు. చూపించే తీరు కూడా డాక్టరుకు ఉపయోగపడుతుంది: ఒక్క వేలితో "సరిగ్గా ఇక్కడే" అని పొడిచి చూపితే కండరమో పక్కటెముకో కావచ్చునని, అరచేయి పరిచో పిడికిలి బిగించో ఛాతీ మధ్య పెట్టుకుని "ఇదంతా" అంటే గుండె సంగతి ముందు చూడాలని వారు ఆలోచిస్తారు.

ఏ బాధలకు మాటలు వెతుక్కుంటూ కూర్చోకుండా వెంటనే బయలుదేరాలి?

ఛాతీ మధ్య బరువు పెట్టినట్లు నొక్కేస్తూ, చల్లని చెమటలు పట్టి, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినప్పుడు. మూతి వంకరపోయి, మాట ముద్దగా వచ్చి, ఒకవైపు కాలూ చేయీ చచ్చుబడినప్పుడు. ఎన్నడూ ఎరగనంత తలనొప్పి క్షణాల మీద ముంచుకొచ్చినప్పుడు. మాట పూర్తి చేయలేనంతగా ఊపిరి అందనప్పుడు. కడుపు బల్లలా గట్టిపడి ముట్టుకోనివ్వనప్పుడు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోను చేయాలి. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా 4.5 గంటల లోపే ఇవ్వవలసి ఉంటుంది కనుక, రోగి చివరిసారిగా మామూలుగా కనిపించిన సమయం ఎంతో చెప్పడం అన్ని వర్ణనలకంటే ముఖ్యం.

## తగిన మాట వెతుక్కునేటప్పుడు

పోటు, సలుపు, పీకు, పట్టేయడం: వీటికి తేడా ఏమిటి?

పోటు అంటే లోపలి నుంచి పొడిచినట్లు వచ్చే తీవ్రమైన నొప్పి. చెవిపోటు, పంటిపోటు, పక్కపోటు అన్న మాటల్లో కనిపించేది ఇదే. సలుపు గోరుచుట్టుకూ సెగగడ్డకూ ప్రత్యేకం: నాడి కొట్టుకున్నప్పుడల్లా లోపల తన్నినట్లు ఉండి, చేయి కిందికి వేలాడదీస్తే ఎక్కువై, రాత్రి నిద్ర పట్టనివ్వదు. పీకు లోతైన, మొండి నొప్పి. పగలంతా నిలబడి పనిచేసినవారి పిక్కలు రాత్రి పీకుతాయి, దీన్నే తెలంగాణలో కాళ్ళు గుంజుతున్నాయంటారు. పట్టేయడం అంటే కండరం బిగుసుకుపోయి కదలనివ్వకపోవడం. మెడ పట్టేసినవారు పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిప్పవలసి వస్తుంది. కలుక్కుమనడం ఒక్క క్షణం మాత్రమే, అదీ వంగినప్పుడో లేచినప్పుడో. వేళ్ళు గాని పిక్క గాని వాటంతట అవే ముడుచుకుపోతే కొంకర్లు పోతున్నాయనాలి. అడుగు తప్పి కీలు మెలికపడితే బెణికిందనాలి.

చురుక్కు, జివ్వు, గరగర లాంటి మాటలు డాక్టరు ముందు వాడితే బాగుంటుందా?

నిస్సందేహంగా వాడవచ్చు. చల్లని నీళ్ళు తాకగానే పన్ను జివ్వుమంటోందంటే పంటి పైపొర అరిగి ఉండవచ్చునని దంతవైద్యుడికి వెంటనే తెలుస్తుంది. అదే పన్ను ఏమీ తాకకుండానే రాత్రంతా పోటు పెడుతోందంటే జబ్బు లోపలి నరం దాకా వెళ్ళి ఉండవచ్చు. గొంతు గరగరలాడటం, కళ్ళలో నలక పడినట్లు కరకరలాడటం, చర్మం చిమచిమలాడటం, కడుపులో గుడగుడలాడటం, గుండె దడదడలాడటం అన్నవి ఒక్కొక్కటి ఒక్కో అనుభవాన్ని సూటిగా పట్టిచ్చే మాటలు. "థ్రోట్ ఇన్ఫెక్షన్" అని చెప్పేవారికంటే "గొంతు గరగరలాడుతోంది, మింగితే మాత్రం నొప్పి లేదు" అని చెప్పేవారే డాక్టరుకు ఎక్కువ సమాచారం ఇచ్చినట్లు.

తలనొప్పిలో ఇన్ని రకాలుంటే, నాది ఏ రకమని చెప్పాలి?

రకం పేరు మీరు చెప్పనక్కరలేదు. ఎలా ఉందో చెప్పండి. ఒకవైపు కణత దగ్గర నాడి కొట్టుకున్నట్లు మొదలై, వెలుతురూ చప్పుడూ పడక, వికారం పుట్టి, చీకటి గదిలో పడుకోవాలనిపిస్తే అది మనవారు పార్శ్వపు నొప్పి అని పిలిచే మైగ్రేన్ కావచ్చు. తల చుట్టూ గుడ్డ బిగించి కట్టినట్లు సాయంత్రానికి పెరుగుతోందంటే ఒత్తిడి వల్ల వచ్చేది కావచ్చు. జలుబుతో పాటు ముందుకు వంగినప్పుడు నొసలు, చెంపలు బరువెక్కుతున్నాయంటే ముక్కు చుట్టూ ఉన్న గాలి గదులు నిండి ఉండవచ్చు. నొప్పి అంటూ లేకుండా మబ్బుగా, మందంగా ఉంటే "తల దిమ్ముగా ఉంది" అనండి. దాన్ని నొప్పి అంటే మందు మారిపోతుంది. దగ్గినా తుమ్మినా నొప్పి పెరుగుతోందా, పొద్దున నిద్ర లేచేటప్పటికే ఉంటోందా అన్నవి కూడా చేర్చాలి.

కళ్ళు తిరుగుతున్నాయంటే డాక్టరు ఎందుకు అన్ని ప్రశ్నలు వేస్తారు?

ఆ ఒక్క మాట కింద మనం కనీసం మూడు వేరు వేరు బాధలను చెబుతుంటాం. గది, గోడలు గిర్రున తిరుగుతున్నట్లు కనిపించడం ఒకటి; మంచం మీద పక్కకు ఒత్తిగిలినప్పుడు వచ్చి నిమిషంలోపు తగ్గిపోతుంటే అది లోపలి చెవికి సంబంధించినది కావచ్చు. లేచి నిలబడగానే కళ్ళకు చీకట్లు కమ్మి, సొమ్మసిల్లి పడిపోతానేమో అనిపించడం రెండోది. రక్తపోటు తగ్గినప్పుడు, బీపీ మాత్రల మోతాదు ఎక్కువైనప్పుడు ఇలా ఉంటుంది. తల తేలిగ్గానే ఉన్నా నడుస్తుంటే అడుగు తడబడి తూలిపోవడం మూడోది. ఇది నరాలకు, మెదడుకు సంబంధించినది కావచ్చు. తెలంగాణలో "చక్కరొస్తుంది" అన్నా ఇదే చిక్కు. "గది తిరుగుతోంది", "చీకట్లు కమ్ముతున్నాయి", "తూలుతున్నాను" అన్న మూడు వాక్యాల్లో మీకు సరిపోయేది ఎంచుకోండి.

గ్యాస్ అని చెబితే తప్పేముంది? నిజంగా గ్యాసే కదా!

తప్పు కాదు, ప్రమాదం. గ్యాస్ అన్నది బాధ పేరు కాదు, మనం అప్పటికే వేసేసుకున్న అంచనా. అది చెవిన పడ్డ తరువాత ఇంట్లోవారూ మందుల షాపువారూ వేరే సంగతి ఆలోచించరు. త్రేనుపులు వస్తున్నాయా, పొట్ట ఉబ్బరంగా ఉందా, గుండెల్లో మంటగా ఉండి పుల్లటి నీళ్ళు గొంతులోకి ఎగదన్నుతున్నాయా, లేక ఛాతీ పట్టేసినట్లు ఉందా అన్నది విడదీసి చెప్పాలి. మెట్లెక్కినప్పుడో వేగంగా నడిచినప్పుడో మొదలై, ఆగగానే తగ్గిపోయే పట్టేసినట్లుండే బాధను గ్యాస్ అని ఎన్నడూ అనుకోకూడదు. మధుమేహం ఉన్నవారిలో, ఆడవారిలో, వయసు మీరినవారిలో గుండెపోటు ఒక్కొక్కసారి నొప్పి లేకుండా కేవలం ఆయాసం, చెమటలు, వికారం, ఎన్నడూ లేని నిస్సత్తువ రూపంలో వస్తుంది. సోడా తాగి, వాము నమిలి గంటలు గడపడం ఈ ఒక్క మాట వల్ల జరిగే అతి పెద్ద నష్టం.

కడుపు నొప్పిని ఎలా వివరించాలి?

తీరు, చోటు, కదలిక అన్న మూడింటినీ చెప్పాలి. మెలిపెట్టినట్లా, కోసినట్లా, మంటగానా, బరువుగానా అన్నది తీరు. బొడ్డు చుట్టూ సన్నగా మొదలై కొన్ని గంటల్లో కుడివైపు పొత్తికడుపులోకి దిగి అక్కడే స్థిరపడితే అపెండిక్స్ వాచి ఉండవచ్చు. నడుము పక్కన పుట్టి గజ్జల్లోకి దిగుతూ, మనిషిని ఒకచోట నిలవనివ్వకుండా అటూ ఇటూ పొర్లించే నొప్పి మూత్రనాళంలో రాయి కావచ్చు. దానికి విరుద్ధంగా, కదిలితే ప్రాణం పోతుందన్నట్లు కదలకుండా ముడుచుకుని పడుకుంటే కడుపు లోపలి పొర వాచి ఉండవచ్చు. రోగి ఎలా పడుకున్నాడో చెప్పడం కూడా వర్ణనలో భాగమే అన్నందుకు ఈ రెండింటినీ గుర్తుంచుకోవచ్చు.

వాంతి రాకుండా కడుపులో తిప్పుతున్నా, దేవినట్లున్నా వికారం అనాలి. ఏమీ బయటికి రాకపోయినా శబ్దంతో ఎగదన్నితే డోకు. విరేచనాలు నీళ్ళలా ఉన్నాయా, జిగటగా ఉన్నాయా, నెత్తురు పడుతోందా, తారులా నల్లగా ఉన్నాయా అన్నది మొహమాటపడకుండా చెప్పాలి. ఐరన్ మాత్రలు వేసుకోనివారికి అలా నల్లగా అయితే లోపల ఎక్కడో రక్తం పోతున్నదేమో చూడవలసి ఉంటుంది.

తిమ్మిరికీ మొద్దుబారడానికీ తేడా ఉందా? అరికాళ్ళ మంటను ఏమనాలి?

చాలా తేడా ఉంది. బాసింపట్టు వేసుకుని కూర్చుని లేచినప్పుడు చీమలు పాకినట్లు, సూదులు గుచ్చినట్లు ఉండేది తిమ్మిరి. ముట్టుకున్నా గిల్లినా తెలియకపోతే మొద్దుబారడం. తెలుస్తున్నా ఎత్తలేకపోతే, పట్టుకోలేకపోతే బలం తగ్గడం. పూర్తిగా కదలకపోతే చచ్చుబడటం. ఈ నాలుగింటినీ "తిమ్మిర్లు" అని ఒకే గాటన కట్టేయడం వల్ల అసలు జబ్బు వెనకబడుతుంది.

మధుమేహం చాలా ఏళ్ళుగా ఉన్నవారికి రెండు అరికాళ్ళూ రాత్రిపూట భగభగ మండుతాయి, నేల మీద నడుస్తున్నా దూది మీద నడిచినట్లు ఉంటుంది. వీరు చెప్పవలసిన అతి విలువైన మాట ఒకటుంది: "కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియడం లేదు." దీన్ని బట్టి స్పర్శ ఎంతవరకు పోయిందో డాక్టరు అంచనా వేసుకుని, కాలికి పుండు పడకముందే జాగ్రత్తలు చెబుతారు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మాత్రమే రాత్రి తిమ్మిరెక్కి, చేయి విదిలిస్తే తగ్గుతోందంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి ఉండవచ్చు. ఒంటి మీద పాలిపోయిన మచ్చలో స్పర్శ తెలియకపోతే అది చర్మ సౌందర్యానికి సంబంధించిన విషయమని వదిలేయకుండా, కుష్ఠు పరీక్ష కోసం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి. నడుముకో ఛాతీకో ఒక పక్కన పట్టీలాగా మంట పుట్టి, కొద్ది రోజులకు నీటి పొక్కులు లేస్తే అది సర్పి అని, అక్కి అని పిలిచే జబ్బు. పొక్కులు లేచిన 72 గంటల లోపు మందు మొదలుపెడితే మేలు ఎక్కువ.

ఆయాసం, ఎగశ్వాస, దడ: ఇవన్నీ ఒకటేనా?

పని చేసినప్పుడు ఊపిరి అందక రొప్పడం ఆయాసం. విశ్రాంతిగా ఉన్నా ఛాతీ ఎగసిపడుతుంటే ఎగశ్వాస. తెలంగాణలో రెండింటికీ దమ్ము అనే అంటారు. ఊపిరి వదిలేటప్పుడు ఈల వేసినట్లు శబ్దం వస్తే పిల్లికూతలు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక రెండు మూడు దిండ్లు పెట్టుకోవలసి వస్తోందన్న సంగతి గుండె బలహీనతను సూచించవచ్చు కనుక తప్పక చెప్పాలి. దడ అంటే గుండె కొట్టుకోవడం మనకే తెలియడం. అది గబగబా కొట్టుకుంటోందా, మధ్యలో ఒక దెబ్బ తప్పినట్లుందా అన్నది బల్ల మీద వేలితో తట్టి చూపిస్తే సరిపోతుంది.

వేడి చేసింది, పైత్యం చేసింది, వాతం నొప్పి అని డాక్టరుకు చెప్పవచ్చా?

చెప్పవచ్చు గానీ, అక్కడ ఆపకూడదు. ఈ మాటలకు ఆయుర్వేదంలో పునాది ఉంది, మన వంటింట్లో వాడుక ఉంది. అల్లోపతి డాక్టరుకు మాత్రం వాటి వెనక ఉన్న లక్షణం కావాలి. వేడి చేసిందన్నవారిలో ఒకరికి మూత్రంలో మంట, ఒకరికి నోటి పూత, ఒకరికి ముక్కు నుంచి నెత్తురు, మరొకరికి సెగగడ్డలు ఉంటాయి. నలుగురికీ నాలుగు రకాల మందులు. పైత్యం అంటే పసరు వాంతా, నోరు చేదా, తల తిప్పడమా అన్నది వేరుగా చెప్పండి.

ఒళ్ళు నొప్పులకూ కీళ్ళ నొప్పులకూ తేడా ఎలా చెప్పాలి?

నొప్పి ఎముకలు కలిసే చోట ఉందా, వాటి మధ్య కండలో ఉందా చూసుకోండి. పొద్దున లేవగానే వేళ్ళ కీళ్ళు బిగుసుకుపోయి, గంట గడిస్తే గాని గ్లాసు పట్టుకోలేకపోతున్నారంటే కీళ్ళవాతం గురించి పరీక్ష చేయించాలి. సాయంత్రానికి, మెట్లు దిగినప్పుడు, కింద కూర్చుని లేచినప్పుడు మోకాళ్ళు నొస్తుంటే అరుగుదల కావచ్చు. జ్వరంతో పాటు కళ్ళ వెనుక నొప్పి, ఎముకలు విరిచినట్లు ఒళ్ళు నొప్పులు ఉంటే డెంగీని, కీళ్ళు వాచి అడుగు వేయనివ్వకపోతే చికున్‌గున్యాను అనుమానిస్తారు. 2005-06లో ఆంధ్రప్రదేశ్‌ను కుదిపేసిన ఈ రెండో జబ్బు పేరే ఆఫ్రికాలోని మకొండే భాషలో మనిషి వంగిపోవడాన్ని వర్ణించే మాట.

నీరసం, నలత, నిస్సత్తువ అంటే డాక్టరు పట్టించుకోవడం లేదు. ఏం చేయాలి?

మునుపు చేయగలిగి ఇప్పుడు చేయలేకపోతున్న పనిని చెప్పండి. "నీరసంగా ఉంది" అన్నదానికంటే "బిందె ఎత్తలేకపోతున్నాను", "బస్టాండు దాకా నడిచేదాన్ని, ఇప్పుడు సగం దారిలో ఆగుతున్నాను" అన్నవి బలమైన మాటలు. బలం లేదా, నిద్రమత్తా, ఏ పని మీదా మనసు లేదా అన్నది కూడా వేరు చేయాలి. మనసు దిగులుగా ఉన్నప్పుడు అది ఒళ్ళు నొప్పులుగా, తల బరువుగా బయటపడటం మన ఇళ్ళలో మామూలే, దాన్ని చెప్పుకోవడంలో చిన్నతనం లేదు.

## డాక్టరు గదిలో

నొప్పి 10కి ఎంత అని అడుగుతున్నారు. అంకెలో ఎలా చెప్పాలి?

0 అంటే నొప్పి లేదు, 10 అంటే ఊహించగలిగినంత గరిష్ఠం. చదువుకున్నవారు కూడా ఈ లెక్క దగ్గర తడబడతారు. ఒకరు మర్యాదకు 3 అంటారు, ఒకరు భయపడి 10 అంటారు. పెద్దవారికి పైసల లెక్క సులువు: "మొదటి రోజు నొప్పి రూపాయి అనుకుంటే ఇవాళ ఎంత?" అని అడిగితే "ముప్పావలా ఉంది" అనో "పావలా వంతు తగ్గింది" అనో తడుముకోకుండా చెబుతారు. అంకెకు తోడు "నిద్ర పట్టడం లేదు", "అన్నం కలుపుకోలేకపోతున్నాను" వంటి ఒక్క వాక్యం చేర్చండి. అంకె ఒక్కొక్కరికి ఒక్కో రకంగా ఉన్నా, అన్నం కలుపుకోలేకపోవడం అందరికీ ఒకటే.

మా ప్రాంతం మాట డాక్టరుకు అర్థం కావడం లేదు. మార్చుకోవాలా?

మార్చుకోనక్కరలేదు, వివరిస్తే చాలు. తెలంగాణలో "పెయ్యి నొప్పులు" అంటే ఒళ్ళు నొప్పులని, "పానం మంచిగ లేదు" అంటే ఒంట్లో బాగోలేదని కోస్తాలో చదువుకున్న యువ డాక్టరుకు తెలియకపోవచ్చు. కోస్తావారి "రొంప", "నలత" అటువైపు అంతే కొత్తగా ఉండవచ్చు. సర్ది, పడిశం, రొంప, జలుబు అన్నీ ఒకటే. "సుస్తీ" అన్నప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం: తెలుగువారు జబ్బు చేసిందనే అర్థంలో వాడితే, హిందీ, ఉర్దూ అలవాటున్న డాక్టరుకు మందకొడితనంగా వినిపించవచ్చు. ఇటువంటప్పుడు చేత్తో చోటు చూపించి, మాటను మరో రకంగా తిరిగి చెప్పండి. ఈ విషయంలో శ్రమ పడవలసినది రోగికంటే డాక్టరే అని మా అభిప్రాయం.

నెలసరి, మూత్రం, లోపలి భాగాల గురించి చెప్పడానికి మొహమాటంగా ఉంది. ఏ మాటలు వాడాలి?

"నెలసరి", "మూత్రం", "మూత్రద్వారం", "యోని", "మలద్వారం", "వృషణాలు" అన్నవి మర్యాద గల మాటలే, వాటిని నిస్సంకోచంగా వాడవచ్చు. "బయట ఉన్నాను", "కింద బాగోలేదు" వంటి చాటు మాటలు ఇంట్లో చెల్లుతాయి గాని, డాక్టరుకు "కింద" అంటే మూడు వేరు వేరు భాగాలు. నెలసరి నొప్పి మొదటి రోజుకే పరిమితమా, గుడ్డలు ఎన్నిసార్లు మార్చవలసి వస్తోంది, తెల్లబట్టకు వాసన, దురద ఉన్నాయా, మూత్రం పోసేటప్పుడు మంటా లేక పోసిన తరువాతనా, దగ్గితే మూత్రం చుక్కలు పడుతున్నాయా అన్నవి చెప్పవలసినవి. చూపడానికి, చెప్పడానికి మహిళా డాక్టరు కావాలని అడగడంలో తప్పు లేదు. గర్భిణి విషయంలో "నొప్పులు వస్తున్నాయి" అంటే పురిటి నొప్పులనే అర్థం కనుక, నడుము నొప్పి మాత్రమే అయితే అలాగే చెప్పాలి. పురిటి నొప్పులైతే ఎంతసేపటికి ఒకసారి వస్తున్నాయో, ఉమ్మనీరు పోయిందో లేదో చెప్పాలి.

## మరొకరి తరఫున మాట్లాడేటప్పుడు

మా అమ్మ ఎప్పుడడిగినా "ఏం లేదులేరా" అంటుంది. ఫోనులో ఎలా తెలుసుకోవాలి?

నొప్పి గురించి అడగకుండా పనుల గురించి అడగండి. "అమ్మా, పొద్దున ముగ్గు వేశావా, మేడ మీద బట్టలు ఎవరు ఆరేశారు, గుడికి వెళ్ళి ఎన్నాళ్ళయింది?" అన్న ప్రశ్నలకు వచ్చే జవాబుల్లో మోకాలు, నడుము, ఆయాసం అన్నీ బయటపడతాయి. వయసు మీరినవారు జబ్బును తగ్గించి చెప్పడానికి ఖర్చు భయం, పిల్లలను కంగారు పెట్టకూడదన్న ఆలోచన రెండూ కారణాలే. డాక్టరు గదిలో మాత్రం వారి మాటను మధ్యలో అందుకోకండి; "మండుతోంది" అని ఆమె అన్నదాన్ని మీరు "పెయిన్ అంటోందండీ" అని మార్చేస్తే ఆమె చెప్పిన ముఖ్యమైన సంగతి అక్కడే పోతుంది.

చిన్నపిల్లవాడు ఏ బాధకైనా పొట్టే చూపిస్తున్నాడు. ఎలా పోల్చుకోవాలి?

పసివయసులో ఇది సహజం. గొంతు నొప్పికీ, బడి భయానికీ కూడా పొట్ట మీదే చేయి వేస్తారు. ఆట మానేశాడా, కుంటుతున్నాడా, చెవి లాక్కుంటున్నాడా, మూత్రం పోసేటప్పుడు ఏడుస్తున్నాడా అన్నవి మీరు చూసి చెప్పాలి. మూడేళ్ళు దాటినవారికి నవ్వు ముఖం నుంచి ఏడుపు ముఖం దాకా ఆరు బొమ్మలున్న పట్టీని చూపించి, నొప్పి ఎంతో వేలు పెట్టమనే పద్ధతి 1980లలో మొదలై ఇప్పుడు చాలా ఆసుపత్రుల్లో ఉంది. "నొప్పి ఉందా?" అంటే ఉందనే అంటారు కనుక, "ఏం ఉంది నాన్నా?" అని అడగడం మంచిది.

అమెరికాలో మా నాన్నగారికి ఇంగ్లీషు రాదు. నేనే అనువదించి చెప్పవచ్చా?

చిన్న విషయాలకు చెప్పవచ్చు గాని, పెద్ద జబ్బుకు దుబాసీని అడగడమే మేలు. అక్కడ ఫెడరల్ నిధులు పొందే ఆసుపత్రులు ఇంగ్లీషు రాని రోగికి ఫోనులోనైనా, వీడియోలోనైనా దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయవలసి ఉంటుంది. అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే "తెలుగు" అని స్పష్టంగా చెప్పాలి, లేకపోతే హిందీ మాట్లాడేవారిని పిలిచే అవకాశం ఉంది. కొడుకు ముందు మూత్రం సంగతి, కోడలు ముందు మలబద్ధకం సంగతి చెప్పని పెద్దవారు పరాయి మనిషి ముందు తేలిగ్గా చెప్పేస్తారు.

## మందు మొదలయ్యాక

"ఆ మందు నాకు పడలేదు" అంటే చాలదా?

చాలదు, ఈ మాట చీటీలో ఎలర్జీగా నమోదై, తరువాతి కాలంలో నిజంగా అవసరమైన మందును మీకు దూరం చేయవచ్చు. గుణం కనిపించకపోయినా పడలేదంటాం, కడుపులో మంట పుట్టినా పడలేదంటాం, దద్దుర్లు లేచినా పడలేదంటాం. మొదటిది మోతాదు సంగతి, రెండోది ఏమైనా తిన్న తరువాత వేసుకుంటే తగ్గవచ్చు, మూడోది మాత్రం నిజమైన ఎలర్జీ కావచ్చు. ఏ మందు, వేసుకున్న ఎంతసేపటికి, ఏం జరిగిందో కాగితం మీద రాసి పెట్టుకోండి. పెదవులు, కనురెప్పలు వాచి ఊపిరి బిగబట్టినట్లయితే రాసుకోవడం కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

రెండోసారి వెళ్ళినప్పుడు "ఎలా ఉంది?" అంటే ఏం చెప్పాలి?

"పర్వాలేదు" తప్ప ఏదైనా చెప్పండి. నొప్పి పూర్తిగా పోయిందా, నెమ్మదించిందా, చోటు మారిందా, మాత్ర వేసుకున్నంతసేపు తగ్గి మళ్ళీ వస్తోందా, లేక తగ్గిపోయి కొన్నాళ్ళకు తిరగబెట్టిందా అన్నవి ఐదు వేరు వేరు జవాబులు. ఆపరేషను అయినవారు కుట్ల దగ్గర లాగినట్లుందంటే మానుతున్నప్పుడు అది మామూలే కావచ్చు. సలుపుతోంది, చుట్టూ ఎర్రబడి వేడిగా ఉంది, జ్వరం తగిలింది అంటే చీము పడుతోందేమో చూడాలి. మందు మధ్యలో మానేసి ఉంటే ఎన్నో రోజున, ఎందుకు మానేశారో కూడా దాచకుండా చెప్పాలి. లేకపోతే మందు పనిచేయలేదనుకుని డాక్టరు అంతకంటే ఘాటైనది రాస్తారు.